సగం మాత్ర

తాండూరు హోటళ్ళలో ఒక అలవాటుంది. ఇద్దరు పెద్దమనుషులు దర్జాగా వచ్చి కూర్చుంటారు. ఒక చాయ్ చెప్పి, ఖాళీ కప్పు ఒకటి అడుగుతారు. చాయ్ రాగానే చెరి సగం పోసి, రెండు కప్పులూ పక్కపక్కన పెట్టి మట్టం చూసుకుంటారు. ఆ తర్వాత నువ్వు ముందు తాగంటే నువ్వు ముందు తాగని మర్యాదలు. నాకిది నచ్చదు. సగం చాయ్‌తో నాలుక తడుస్తుంది గానీ మనిషి లేవడు. తాగితే నిండుగా తాగాలి, లేకపోతే ఇంటికి పోయి మంచినీళ్ళు తాగాలి. స్టేషను ముందు హోటలాయనతో ఈ మాటంటే, "పంచుకుంటె ప్రేమ పెరుగుతది సార్" అన్నాడు. ప్రేమ సంగతి నాకు తెలియదు. పంచుకుంటే పెరిగేది ఇంకొకటి ఉంది. దాన్ని కొంతకాలం ఛాతీలో పెట్టుకుని తిరిగాను.

ఇప్పుడు బాగానే ఉన్నాను. కుడి ఊపిరితిత్తిలో పై భాగం పని చెయ్యదు. మా ఆఫీసులో చాలామంది కంటే అది నయం, పని చేస్తున్నట్టు నటించదు. ఆ రోగం నుంచి లేచినవాడినని విని, ఈ మధ్య బండల గనుల్లో దుమ్ము మింగి దగ్గేవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. ఆసుపత్రి మాత్రలు కొన్నాళ్ళు వేసుకుని, జ్వరం తగ్గగానే మిగిలినవి తమ్ముడికో బావమరిదికో ఇచ్చేస్తారు. వాళ్ళలో ఒకాయన ఆ సంగతి చాలా గర్వంగా చెప్పాడు. ఇది రాయడానికి ఆయనే కారణం.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు నేను హైదరాబాదులో బి.ఏ. ముగించి సైన్యంలో గుమాస్తాగా చేరాను. దేశాన్ని కాపాడే పనిలో నా వంతు టైపు కొట్టడం. 1953 వేసవిలో, ఉత్తరాన ఒక చలి ఊళ్ళో, సాయంత్రాలు జ్వరం తగలడం మొదలైంది. మొదట మలేరియా అన్నారు, తర్వాత బద్ధకం అన్నారు. ఎక్స్‌రే తీశాక ఏమీ అనడం మానేశారు. నా మంచం ఒక మూలకు జరిగింది. నిన్నటిదాకా నా దువ్వెన అడగకుండా వాడుకున్నవాడు దాన్ని కాగితంతో పట్టుకుని తెచ్చి ఇచ్చాడు.

ఇంటికి పంపారు. తాండూరులో మా అమ్మ నన్ను చూసి ఏడ్చింది. ఏడుస్తూనే నా కంచం, చెంబు తీసుకుపోయి గొడ్ల కొట్టంలో గూట్లో పెట్టింది. రెండూ నిజమే, ఏడుపూ కంచమూ. నేను అడిగితే, "పిల్లలున్న ఇల్లు గద నాయినా" అంది. బర్రెలకు నా సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు, అవి మామూలుగానే చూసేవి.

వానలు పడే వేళకు వికారాబాదు పిలుపు వచ్చింది. వికారాబాదు గాలే లక్ష రోగులకు మందని ఉర్దూలో పాత మాట ఉంది. సైన్యానికి కూడా అది చేరినట్టుంది. స్టేషనుకు దూరంగా ఒక జాగీర్దారు వదిలేసిన బంగళా తీసుకుని, టీబీ పట్టిన జవాన్ల మీద కొత్త మందును పరీక్షించే వార్డు పెట్టారు. పరీక్షలకు జవాను మంచి సరుకు. పడుకోమంటే పడుకుంటాడు, నోరు తెరవమంటే తెరుస్తాడు, మధ్యలో లేచి పొలానికి పోడు. అయినా మా ఇష్టం అడిగారు. వరుసలో నిలబెట్టి, ఇష్టం లేనివాళ్ళు ఒక అడుగు ముందుకు రండి అన్నారు. సైన్యంలో ఒంటరిగా ఒక అడుగు ముందుకు వేయడం అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఎవరూ వేయలేదు. ఆ విధంగా అందరం ఇష్టపడ్డాం.

తర్వాత చొక్కాలు విప్పించి ఛాతీల మీద సిరాతో నంబర్లు వేశారు. నా పక్కన నిలబడ్డ హవల్దారు మల్లయ్య కిందికి చూసుకుని, "మేం గొర్లకు జాజు పూస్తం సాబ్. ఈళ్ళు సిరా పూస్తున్రు" అన్నాడు. మల్లయ్యది పూడూరు, కురుమోళ్ళ ఇల్లు. సైన్యంలో చేరేదాకా మంద వెంట నడిచినవాడు. నేను కాలేజీలో చదివానని తెలిసిన రోజు నుంచి నన్ను బీయే సాబ్ అన్నాడు. ఎగతాళో గౌరవమో నాకు ఈనాటికీ తేలలేదు.

వార్డులో రెండు వరుసలు. కిటికీ వరుస, గోడ వరుస. పాలు, గుడ్లు, చేపనూనె, సుద్దముక్కలంత పాత బిళ్ళలు అందరికీ ఉండేవి. కిటికీ వరుసకు మాత్రం వాటితో పాటు చిన్న తెల్ల మాత్ర. తేడా అంతే. నేనూ మల్లయ్యా కిటికీ వైపు పడ్డాం. ఎదురుగా గోడ వైపు మంచం శామ్యూల్‌ది. మోమిన్‌పేట పిల్లగాడు. వాళ్ళ వాళ్ళది కూలి బతుకు. పాదిరి బడిలో నాలుగు ముక్కలు చదివి, అబద్ధపు వయసు చెప్పి సైన్యంలో చేరాడు. అతనికి ఒక విద్య వచ్చు. రెండు వేళ్ళను కాళ్ళుగా చేసి కంబళి మీద నడిపిస్తూ, మా డాక్టరు మేజరు సాబు వార్డులోకి వచ్చే తీరు చూపించేవాడు. మంచం మంచం దగ్గర ఆగడం, ముక్కు తిప్పుకోవడం, తెమడ డబ్బా మూత తీసి మెచ్చుకున్నట్టు తల ఊపడం, అన్నీ ఆ రెండు వేళ్ళతోనే.

డబ్బా సంగతి రాయకుండా దాటేద్దామనుకున్నాను, కుదరదు. ప్రతివాడికీ మూత ఉన్న డబ్బా ఒకటి. రాత్రంతా దగ్గింది దాంట్లో ఉండాలి, పొద్దున కంపౌండరు దాన్ని వెలుతురుకు పట్టి చూస్తాడు. తక్కువైతే, "ఇంతేనా?" అని అడుగుతాడు. నేను హైదరాబాదులో పరీక్షలు రాసినప్పుడు కూడా ఇన్ని మార్కుల కోసం పాకులాడలేదు. ఆ వాసన, దాని మీద చల్లే మందు వాసన, దాని మీదుగా వచ్చే ఉడికిన గుడ్డు వాసన. ఇప్పటికీ గుడ్డు తినను.

ఆదివారాలు ఇంటివాళ్ళు రావచ్చు. వరండాలో సుద్దతో గీత గీసేవారు, గీతకు అటు వాళ్ళు, ఇటు మేము. నా భార్య అనసూయ తాండూరు నుంచి ప్యాసింజరులో వచ్చేది. బొంరాస్‌పేటలో ఉన్న ఆమె అన్న తీసుకుపోతానని కూర్చున్నాడట.

"బావ లేస్తడో లేవడో, నువ్వు మాతోని రా అన్నడు," అంది గీత అవతలి నుంచి.

"నువ్వేమన్నవు?"

"నా సందుక బరువున్నది, నెత్తిమీద మోస్తవా అని అడిగిన. మల్ల రాలే."

అనసూయ అంతకంటే ఎక్కువ ఓదార్పు ఎప్పుడూ చెప్పలేదు. అంతకంటే ఎక్కువ నాకు అవసరం కాలేదు.

శామ్యూల్ తల్లి శాంతమ్మ కూడా వచ్చేది, గంపలో సీతాఫలాలు పెట్టుకుని. చలువ చేస్తుందని వాటిని లోపలికి రానిచ్చేవారు కాదు. కంపౌండరు తీసుకుని తన గదిలో పెట్టుకునేవాడు, ఆయనకు చలువ చేసేది కాదు. ఒక ఆదివారం ఆమె గీత దగ్గర నిలబడి నన్ను పిలిచింది. "కొడుకా, నువ్వు సదువుకున్నోనివట. మావోన్ని జర అర్సుకో." కనిపెట్టుకుని చూసుకుంటానన్నాను. గీతకు ఇటు నిలబడి ఇంకేమంటాం.

చలికాలం వచ్చేసరికి తేడా కళ్ళకు కనపడింది. నాకు సాయంత్రం జ్వరం పోయింది, చొక్కా బొత్తాలు బిగుతయ్యాయి. మల్లయ్య అన్నం మళ్ళీ అడగడం మొదలుపెట్టాడు. గోడ వైపు మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. శామ్యూల్ వేళ్ళు కంబళి మీద సగం దూరం పోయి ఆగిపోయేవి. "మేజరు సాబుకు ఆయాసమొచ్చింది" అని నవ్వబోయి దగ్గేవాడు.

నేను మేజరు దగ్గరికి పోయాను. మంచి చదువు, మెల్లని మాట, శుభ్రమైన గోళ్ళు. మనిషి దుర్మార్గుడు కాడు, అదే ఇబ్బంది. గోడ వైపు వాళ్ళకు కూడా ఆ మాత్ర ఇవ్వొచ్చు కదా అని ఇంగ్లీషులో, పరీక్షలో రాసినంత జాగ్రత్తగా అడిగాను. ఆయన నన్ను కూర్చోమన్నాడు. "అందరికీ ఇస్తే, వీళ్ళను మందు బతికించిందా, ఈ ఊరి గాలి బతికించిందా అని రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పను? తెలిస్తే వేలమంది జవాన్లు బాగుపడతారు. ఆర్నెల్లు ఓపిక పట్టాలి," అన్నాడు. ప్రశ్న సరైనదే. జవాబు వచ్చేదాకా శామ్యూల్ గోడ పక్కన పడుకుని ఓపిక పట్టాలి, అంతే.

వార్డుకు వచ్చి ఈ మాట చెప్పాను. మల్లయ్య చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. మధ్యాహ్నం కంపౌండరు భోజనానికి పోయాక మంచం మీద లేచి కూర్చున్నాడు.

"మందల రోగమొస్తే ఏ గొర్రెకు ఉన్నదో ఏ గొర్రెకు లేదో సూసుకుంట కూసోం. గొట్టం పట్టుకోని అన్నిటికి పోసుకుంట పోతం. గట్లనే జేద్దాం."

"మందు ఎక్కడిది?" అన్నాను.

"మన గోళి సగం మనకు, సగం ఎదురు మంచపోనికి."

"సగం మందు పని చెయ్యకపోతే?"

"గొర్లకు జేస్తది గద."

"అట్ల పోస్తే అన్ని గొర్లు బతుకుతయా?"

"మంద బతుకుతది సాబ్," అన్నాడు మల్లయ్య.

నేను గొర్రెను కాననే వాదం నాకు తట్టింది. ఛాతీ మీద నంబరు ఇంకా చెరగలేదు, అందుకని పైకి అనలేదు. ఎదురుగా శామ్యూల్ గోడ వైపు తిరిగి, వినపడనట్టు పడుకున్నాడు. వినపడనట్టు పడుకోవడం అతనికి వచ్చేది కాదు, చెవులు నిక్కి ఉన్నాయి. పైగా సైన్యంలో పెద్ద పండగలకు అందరూ ఒకే గుండిగ లోంచి తింటారు, పక్కవాడికి లేనిది నోట్లో పెట్టుకోవడం చేతకాని పని. కిటికీ వరుసంతా సరేనంది. నేనూ అన్నాను.

కంపౌండరు ఎదురుగా నిలబడి మింగించేవాడు. అందుకని మాత్ర నాలుక కింద దాచాలి. ఆయన పోగానే బయటికి తీసి, తుడిచి, గడ్డం బ్లేడుతో రెండు ముక్కలు. ఒక ముక్క నాకు, ఒక ముక్క శామ్యూల్‌కు. నేను ఊసింది అతను మింగేవాడు. మా అమ్మ చూసి ఉంటే టీబీ సంగతి మరిచిపోయేది. మల్లయ్య ఒక్కమాటలో తేల్చేశాడు. "అందరిది ఒకటే రోగం. ఎంగిలేంది?"

మొదట్లో పని చేసినట్టే ఉంది. శామ్యూల్ ఒకపూట పాలన్నీ తాగాడు. వేళ్ళు మళ్ళీ కంబళి చివరిదాకా నడిచాయి, అక్కడ మేజరు సాబు జారిపడ్డాడు కూడా. వార్డు నవ్వింది. ఆ వారం మేం చేసింది చాలా గొప్ప పనని నాకు నిజంగానే అనిపించింది. జబ్బు మనిషికి గొప్పగా అనిపించడం మంచి లక్షణం కాదని ఎవరూ చెప్పలేదు.

1954 మొదట్లో ఢిల్లీ నుంచి పెద్ద అధికారి ఒకాయన చూడటానికి వచ్చాడు. అంతకుముందు రోజంతా గోడలకు సున్నం, డబ్బాలకు తోముడు. మాకు ఉతికిన చొక్కాలు. ఆయన గుమ్మంలో నిలబడి, అత్తరు రుమాలు ముక్కుకు పట్టుకుని, అందులోంచే శాభాష్ అన్నాడు. సైనికుల వైద్యంలో మనం ముందడుగు వేస్తున్నామని రుమాలుకు చెప్పి, లోపలికి అడుగు వేయకుండా వెళ్ళిపోయాడు. నాకు ఆ వేళకు సాయంత్రం జ్వరం తిరిగి వచ్చేసింది. చొక్కా బొత్తాలు వదులయ్యాయి. మేజరు కొత్త ఎక్స్‌రేలు పెట్టుకుని, కిటికీ వరుస దిగడమేంటి, గోడ వరుస కాస్త ఎక్కి మళ్ళీ దిగడమేంటని తల పట్టుకునేవాడు. మందు మంచిది కాదేమోనని పై వాళ్ళకు రాయబోతున్నాడని కంపౌండరు చెప్పాడు.

ఒక పొద్దున నోరు కడుక్కుంటుంటే దగ్గు వచ్చింది. పళ్ళెంలో పడింది ఎర్రగా ఉంది. ఎక్కువేం కాదు, తాంబూలం వేసుకున్నవాడు ఊసేంత. గోడ పట్టుకుని కూర్చున్నాను. అనసూయ సందుక గుర్తొచ్చింది, దాన్ని ఎవరు మోస్తారని. ఆ పూట మేజరుకు అంతా చెప్పేశాను, నాలుక, బ్లేడు, మంద.

ఆయన ముఖం తెల్లబోయింది. "ఎప్పటి నుంచి?" అన్నాడు. చెప్పాను. "నా పరీక్షంతా పోయింది," అన్నాడు. ఆ వెంటనే, "సగం మందుకు రోగం చావదు. మందును ఓర్చుకోవడం నేర్చుకుంటుంది. మీరంతా కలిసి దానికి నేర్పించారు," అన్నాడు. నా ఊపిరితిత్తి సంగతి మూడో మాటగా వస్తుందనుకున్నాను. నాలుగో మాటగా కూడా రాలేదు.

లెక్క ఎలాగూ చెడిపోయింది కాబట్టి మర్నాటి నుంచి రెండు వరుసలకూ నిండు మాత్రలు ఇచ్చారు. ఎక్కడి నుంచో తెప్పించారనుకోకండి. మేజరు గదిలో, తాళం వేసిన బీరువాలో మొదటి నుంచీ ఉన్నాయి. కంపౌండరు సీసాలు మోసుకుని వచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు. మల్లయ్య వాటిని చాలాసేపు చూశాడు. తన డబ్బా దగ్గరికి లాక్కుని ఊశాడు. ఆ డబ్బాను సరైన పనికి వాడగా నేను చూడటం అదే మొదటిసారి.

నాకూ మల్లయ్యకూ సూదిమందు కలిపి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు, పట్టింది. శామ్యూల్‌కు ఆలస్యమైంది. ఎండలు ముదిరే వేళకు అతను మంచం మీద కూర్చోలేకపోయాడు. చివర్లో ఒకసారి రెండు వేళ్ళు కంబళి మీద నిలబెట్టి, నా వైపు చూసి, నడిపించకుండానే పడుకోబెట్టేశాడు.

శాంతమ్మ వచ్చింది. ఆ రోజు సుద్దగీత ఎవరూ గీయలేదు. మేజరుకు తెలుగు రాదు. పోయిన పిల్లగాడి ఊపిరితిత్తులు పరీక్షకు కావాలి, తల్లిని అడగమని నాకు చెప్పాడు. ఇది మిగతా జవాన్లకు ఉపయోగపడుతుందని కూడా చెప్పమన్నాడు. నేను బి.ఏ. చదివింది ఇందుకే అన్నట్టు నిలబడి, అడిగాను. ఆమెకు మొదట అర్థం కాలేదు, రెండోసారి అడగాల్సి వచ్చింది.

"అండ్ల ఇంక ఏమన్న మిగిలిందా?" అంది.

మేజరు నా వైపు చూశాడు, ఏమంటున్నదని. ఇవ్వనంటోందని చెప్పాను. ఆయన తల ఊపి, టోపీ తీసి, ఆమెకు దండం పెట్టాడు. అది నిజమైన దండమే. ఆయన్ని పూర్తిగా అసహ్యించుకోవడానికి ఆ దండం నాకు ఈనాటికీ అడ్డు వస్తుంది.

1955లో నన్ను సైన్యం నుంచి విడిపించారు. అనసూయ స్టేషనుకు వచ్చి నా పెట్టె తానే నెత్తికెత్తుకుంది, బరువు మోయొద్దన్నారు కాబట్టి. ఇంటికొచ్చాక గూట్లో కంచం తీసి, బూడిదతో తోమి, తన కంచం మీద బోర్లించింది. మా అమ్మ చూసి చూడనట్టు ఊరుకుంది. ఊళ్ళో మాత్రం చాలాకాలం హోటల్లో నాకు మట్టి ముంతలో చాయ్ ఇచ్చేవారు, తాగాక పగలగొట్టమనేవారు. ఒక విధంగా లాభమే. నాతో సగం చాయ్ పంచుకుందామని ఎవరూ అడగలేదు.

ఆ తెల్ల మాత్ర తర్వాత అందరికీ వచ్చింది. సర్కారు దవాఖానాల్లో ఇప్పుడు ఊరికే ఇస్తారు. ఎందరు బతుకుతున్నారో నాకు తెలుసు, నేనూ వాళ్ళలో ఒకణ్ణి. దాన్ని మాలాంటి వరుసల మీద చూసి తెలుసుకున్నారని కూడా తెలుసు. అందుకని గనుల నుంచి వచ్చేవాళ్ళకు చెప్పేది ఒకటే. ఇచ్చినన్నాళ్ళూ, ఇచ్చినంతా, మీరే మింగండి. బావమరిదికి ప్రేమ ఉంటే దవాఖానాకు తీసుకుపోండి.

పోయిన చలికాలం వికారాబాదు బజారులో మల్లయ్య కనపడ్డాడు. గొంగడి కప్పుకుని, మళ్ళీ మంద మనిషైపోయాడు. "శామ్యూల్ పెట్టె ఇయ్య పోయినప్పుడు ముసలామెకు అంత చెప్పిన సాబ్. నిన్ను అడుగుతుంటది. పోయి రారాదు," అన్నాడు. ఇన్నేళ్ళూ ఎందుకు పోలేదో చెప్పడం మాని, బస్సెక్కి మోమిన్‌పేట పోయాను.

శాంతమ్మ చిన్నదైపోయింది. నన్ను వెంటనే గుర్తుపట్టి, మంచం వాల్చి కూర్చోమంది. పొయ్యి మీద బెల్లం చాయ్ కాచి, గిన్నెలో ఉన్నదంతా ఒకే ఇత్తడి గ్లాసులో అంచుదాకా పోసి నా చేతికి ఇచ్చింది. మట్టి ముంత కాదు, ఇంట్లో గ్లాసు. గిన్నె ఖాళీ. ఆమెకు సగం పోద్దామని ఇంకో గ్లాసు కోసం చుట్టూ చూశాను.

"మల్లన్న చెప్పిండు," అంది ఆమె, పొయ్యిలో కట్టె వెనక్కి లాగుతూ. "నీ గోళి సగం మా పోరనికి ఇచ్చినవంట గద."

"అవునమ్మా."

"ఇచ్చేటోనివి, నిండు గోళే ఇయ్యకపోయినవ్ కొడుకా."